అరుదైన సమస్యా ప్రవర్తన: అంచనా, చికిత్స

ఎదుగుదల లోపాలున్న కొందరిలో నెలకో, రెండు మూడు నెలలకో ఒకసారి తీవ్రమైన ప్రవర్తన బయటపడుతుంది. తల గోడకేసి కొట్టుకుంటారు, పక్కవాళ్లను కొరుకుతారు. రోజూ ఉండే సమస్యకన్నా దీని కారణం కనిపెట్టడం కష్టం. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి నంద్యాల ఆసుపత్రికి వచ్చిన పిల్లవాడు డాక్టరు ముందు బుద్ధిగా కూర్చుంటే, తల్లి మాట ఎక్కువ చేసి చెప్పినట్టు వినిపిస్తుంది. ఆమెను నమ్మడమే అంచనాకు తొలి మెట్టు.

1982లో అమెరికాలో బ్రయాన్ ఇవాటా బృందం తమను తాము గాయపరచుకునేవారిని 15 నిమిషాల చొప్పున వేర్వేరు పరిస్థితుల్లో గమనించింది: పని చెప్పి, ఒంటరిగా వదిలి, ఆడించి. తరచూ జరిగే ప్రవర్తనకు ఆ వ్యవధి సరిపోతుంది, అరుదైనదానికి చాలదు. 2001లో సంగ్‌వూ కాంగ్ బృందం గమనించే సమయాన్ని బాగా పెంచి, ఒక మహిళ ఇతరుల మీద చేయి చేసుకోవడం వాళ్ల దృష్టి తనవైపు తిప్పుకోవడానికేనని తేల్చింది. 2004లో జోనథన్ టార్‌బాక్స్ బృందం అరుదైన ప్రవర్తన కనిపించిన వెంటనే పరీక్ష మొదలుపెట్టే పద్ధతి తెచ్చింది.

మన దగ్గర ఈ పనికి పునాది సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ (ఎన్‌ఐఎంహెచ్), ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ. అక్కడే రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో బేసిక్-ఎంఆర్ అనే ప్రవర్తన అంచనా కొలమానం రూపొందించారు. దాని రెండో భాగంలో 75 సమస్యా ప్రవర్తనలున్నాయి. అప్పుడప్పుడు జరిగితే 1 మార్కు, తరచూ జరిగితే 2. భారతీయ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని చేసిన మంచి పని ఇది. అయితే మూడు నెలలకోసారి కన్ను పోయేంత దెబ్బ తగిలించుకున్నా పడేది 1 మార్కే. అందుకే మొత్తం మార్కులు చూసి ఊరుకోకూడదు.

ఇక్కడ ఎక్కువగా అక్కరకొచ్చేది ఇంటి గోడ మీది క్యాలెండరే. సంఘటన జరిగిన తేదీ దగ్గర గుర్తు పెట్టి, ముందురోజు నిద్ర, మలబద్ధకం, పంటినొప్పి, నెలసరి, మూర్ఛ, ఇంటికొచ్చిన చుట్టాలు, అహోబిలం తిరునాళ్ల రద్దీ రాసుకుంటే నాలుగైదు నెలల్లో వరుస కనిపించవచ్చు. మార్క్ ఓరైలీ 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఒక చిన్నబిడ్డ అప్పుడప్పుడు గాయపరచుకోవడం మాటిమాటికీ వచ్చే చెవి ఇన్‌ఫెక్షన్‌తో ముడిపడి కనిపించింది.

చికిత్స కారణాన్ని బట్టే. నొప్పి ఉంటే ముందు వైద్యం. పని తప్పించుకోవడానికో, పలకరింపు కోసమో అయితే, పరిశోధకులు కార్, డ్యురాండ్ 1985లో చూపినట్టు, అదే కోరికను మాటతోనో సైగతోనో అడగడం నేర్పాలి. ఇది ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే నేర్పాల్సిన పని. ఫలితం తేల్చడానికి తొందర పనికిరాదు: రెండు నెలలకోసారి వచ్చేది రెండు వారాలు రాకపోతే తగ్గినట్టు కాదు, గతంలో వచ్చిన అతి పెద్ద విరామం దాటాకే లెక్క మొదలవుతుంది.