నూరు తప్పుల గడువు

2013 ఫిబ్రవరి 21, గురువారం. పొద్దుగూకింది, ఏడు కావస్తోంది. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ క్లాసులు వదిలే వేళ, టిఫిన్ సెంటర్ల ముందు జనం మూగే వేళ. కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్లకు పెట్టిన బాంబులు నిమిషాల తేడాతో పేలాయి. 18 మంది పోయారు. వందకు పైగా గాయపడ్డారు. అప్పటిదాకా వాల్‌పోస్టర్ల అడుగున కనబడిన ఆ రెండు పేర్లు ఆ రాత్రి పోలీసు కాగితాలకెక్కాయి. ఈనాటికీ ఆ పేర్లెత్తితే సినిమా కంటే ముందు ఆ సాయంత్రమే గుర్తుకొస్తుంది.

ఆ ఏడాదే నవంబర్ 29న ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ విడుదలైంది. హాలుకూ సినిమాకూ చుట్టరికమేమీ లేదు. రెంటికీ ఏడుకొండలవాడి పేరే, అంతే. కాచిగూడలో బయల్దేరి తిరుపతి మీదుగా చిత్తూరు పోయే అసలు బండి మాత్రం దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు పాత నేస్తమే. మొక్కు తీర్చుకోవాలంటే వాళ్లకు కాచిగూడ స్టేషనే దగ్గర.

దర్శకుడు మేర్లపాక గాంధీకి అది మొదటి సినిమా. పెద్ద హీరో లేడు, పెద్ద ఖర్చూ లేదు. కథలో ఇంటి పెద్ద ఎవరి తప్పులు వాళ్ల పేరు మీద లెక్కగడతాడు. శిశుపాలుడికి కృష్ణుడిచ్చినట్టే నూటి దాకా గడువు. నూరు నిండితే గడప దాటాలి. కొడుకు సందీప్ కిషన్ ఖాతాలో అప్పటికే 99. అన్న పెళ్లికని ఇంటిల్లిపాదీ రైలెక్కితే ఇతగాడికి బండి తప్పిపోతుంది. ఇక స్టేషన్ నుంచి స్టేషన్‌కు దాని వెనకే పరుగు. దారిలో రకుల్ ప్రీత్ సింగ్‌తో ప్రేమ, తాగుబోతు రమేష్, సప్తగిరిల అల్లరి.

చూసినవాళ్లు చెప్పిన మాట మీదే ఆ సినిమా ఆడింది. చిన్న సినిమాకు ఉన్న ఆస్తి అదొక్కటే. ఆ మాట పాకడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులు నిలవాలంటే పక్కవీధిలో హాలుండాలి. హాస్టల్ గదిలో ఉక్కపోసిన కుర్రాడు సెకండ్ షోకి నడిచి పోవాలి. నల్గొండ బస్సు దిగి ఎల్బీ నగర్‌లో రెండు గంటలు గడపాల్సినవాడు ఏ పోస్టరు కనబడితే ఆ హాల్లోకి దూరాలి. హీరో ఎవరని అడక్కుండా టికెట్టు కొనే ఆ జనమే నవ్వుల సినిమాలకు మహారాజ పోషకులు.

వాళ్లు హాలుకు ఒక్కరోజులో దూరం కాలేదు. 2003లో ప్రసాద్స్‌తో నగరానికి మల్టీప్లెక్సు రుచి తగిలింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రో మొదలై దిల్‌సుఖ్‌నగర్ నెత్తిమీదే రైలు పరుగెత్తింది. ఎక్కడో ఉన్న మాల్ దగ్గరైపోయింది. 2020 మార్చిలో కరోనాకు మూతబడ్డ హాళ్లు డిసెంబర్ దాకా తెరుచుకోలేదు. ఈలోగా సినిమా ఫోనులోకి వచ్చి కూర్చుంది. 2024 మే 17 నుంచి జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లపాటు తమంతట తామే తలుపులు మూసుకున్నాయి. 2025 మేలో హాళ్ల యజమానులు జూన్ 1 నుంచి తాళాలే అన్నారు. డిస్ట్రిబ్యూటర్లు కలెక్షన్లున్న మొదటి వారం అద్దె ముట్టజెప్పి, జనం పలచబడ్డాక వాటా పంచుతున్నారని వాళ్ల గోడు. ఆనక వెనక్కి తగ్గారు గానీ ఖాళీ కుర్చీలు నిండలేదు.

తెర మీది తండ్రి ఎంత కఠినుడైనా నూరు తప్పుల దాకా ఓపిక పట్టాడు. చిన్న సినిమాకు మనమిచ్చే గడువు శుక్రవారం మొదలై ఆదివారంతో సరి. బాంబులు పేలిన ఏడాదిలో కూడా ఈ జనం హాలుకు పోవడం మానలేదు. ‘ఓటీటీలో వస్తుందిలే’ అన్న చిన్న మాటకు మానేశారు.