రాళ్ల కొండ మీద మా ఊరు

జూబ్లీహిల్స్ చూడటానికి వచ్చే చుట్టాలు ముందుగా అడిగేది హీరోల ఇళ్ల గురించే. చూడబోతే అక్కడ ఎత్తైన గేట్లు తప్ప ఏమీ కనపడవు. అందుకే నేను వాళ్లను మొదట బండల దగ్గరికి తీసుకెళ్తాను. మా ఊరి చరిత్ర అక్కడే మొదలవుతుంది.

ఇక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గట్టిపడిన శిల, పైనున్నదంతా కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు అరిగి, ఉల్లిపొరల్లా పెచ్చులు రాలి గుండ్రంగా తేలింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనిపించే గుండ్లు నిజానికి ఎక్కడివక్కడే అరిగి నిలిచినవి. ఒక్కసారి కదిలిస్తే మళ్లీ అలా నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక కొండ మీద కాపురం సంగతికొస్తే, తెల్లదొరలు ఎండ తప్పించుకోవడానికి కొండలెక్కారు. కోయంబత్తూరు కలెక్టర్ సల్లివన్ ఊటీని, కడప కలెక్టర్ హార్స్‌లీ మదనపల్లె దగ్గరి కొండను ఎంచుకున్నారు. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్‌లో మాత్రం కొండ మీద కాపురం పెట్టాలన్న ఆలోచన దొరలది కాదు, మన ఉద్యోగి మెహదీ నవాజ్ జంగ్‌ది. బంజారాలు తిరిగిన పక్క గుట్టల్లో, అంటే బంజారాహిల్స్‌లో, ఆయన బండలు పగలగొట్టకుండా, వాటినే గోడలుగా కలుపుకుని ఇల్లు కట్టుకున్నారు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన అతిథిగా ఉండి, ఆ కొండల మీద కవిత రాశారు. తర్వాత ఇక్కడ ఇళ్లు కట్టినవాళ్లు ఆ ఒక్క ఇంటిని ఆదర్శంగా తీసుకుని ఉంటే మా ఊరి రూపమే వేరుగా ఉండేది.

1960లలో చల్లగళ్ల నరసింహం చొరవతో సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడి, జూబ్లీహిల్స్ ప్లాట్లయింది. అప్పటికి తెలుగు సినిమా మద్రాసులోనే ఉంది. ఇక్కడ అమీర్‌పేటలో సారథి స్టూడియో ఉండేది. అక్కినేని నాగేశ్వరరావు రాళ్లూ తుప్పలూ నిండిన 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు. 1976లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దాన్ని ప్రారంభించారు. ఊరికి అంత దూరాన, ఆ గుట్టల్లో స్టూడియో పెట్టడం మామూలు సాహసం కాదు. ఆ వెనకే కృష్ణ పద్మాలయ, రామానాయుడు స్టూడియో వచ్చాయి. ఫిల్మ్ ఛాంబర్, క్లబ్బు, దైవసన్నిధానంతో ఫిల్మ్‌నగర్ ఒక ఊరైంది. లైట్లు మోసేవాళ్లకూ జూనియర్ ఆర్టిస్టులకూ కింద కృష్ణానగర్ అడ్డా అయింది. పాటల కోసం ఊటీకి పరుగెత్తిన పరిశ్రమ చివరికి స్థిరపడింది ఈ రాళ్ల కొండ మీదే.

చుట్టాలను ఆ తర్వాత కేబీఆర్ పార్కుకు తీసుకెళ్తాను. సుమారు 390 ఎకరాలు. లోపల చివరి నిజాం మనవడు ముకర్రం జా ఒకప్పటి నివాసం చిరాన్ ప్యాలెస్ ఉంది. నెమళ్ల అరుపు వింటూ, సీతాఫలం చెట్ల మధ్య నడుస్తుంటే ఒకప్పుడు ఈ కొండంతా ఎలా ఉండేదో అర్థమవుతుంది.

మిగతా చోట్ల ఆనవాళ్లు వెతుక్కోవాల్సిందే. ఫిల్మ్‌నగర్ దగ్గరి ‘మాన్‌స్టర్ రాక్’, బ్లూక్రాస్ పక్కన పుట్టగొడుగు పేరున్న ‘టోడ్‌స్టూల్’ నగర వారసత్వ శిలల జాబితాకెక్కాయి. 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వంటివాళ్ల పట్టుదల లేకపోతే రాళ్లను వారసత్వమని ఎవరూ అనుకునేవారు కాదు. జాబితాకెక్కని బండల గతి ఖాళీ ప్లాట్లలో చూడవచ్చు. నిలువునా చీలిన ముఖం మీద పై నుంచి కింది దాకా డ్రిల్లు దిగిన గాడులు, అడుగున తాజా గులాబీ రంగు కంకర. కోట్ల ఏళ్ల పని పునాది కోసం వారంలో పోతుంది. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక్కడ ఇల్లు కట్టబోయేవారికి నాదొక్కటే మనవి. ప్లాన్ గీయించే ముందు మీ స్థలంలోని బండను ఆర్కిటెక్టుకు చూపించండి, దాన్ని ఉంచే కట్టమని అడగండి.