ట్రావెల్స్‌కి సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డెమో చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి.. ముందు ఇవి అడగండి

సంక్రాంతికి రెండు రోజుల ముందు. హైదరాబాద్ నుంచి నరసరావుపేట, ఒంగోలు వైపు వచ్చే బస్సుల్లో సీటు దొరకడమే గగనం. అలాంటి రోజు కూకట్‌పల్లి ఏజెంట్ 14వ నంబర్ సీటు అమ్మేశాడనుకోండి. అదే సీటును ఇంకొకరు యాప్‌లో బుక్ చేసుకున్నారు. రాత్రి పదకొండింటికి ఎల్బీనగర్‌లో ఇద్దరూ టికెట్ చూపిస్తారు. ఇక డ్రైవర్ ఏం చెప్పాలి?

ఒకట్రెండు బస్సులున్నప్పుడు నోట్‌బుక్, వాట్సాప్ గ్రూప్‌తో నెట్టుకురావచ్చు. ఐదారు బస్సులు, నాలుగైదు కౌంటర్లు అయ్యాక ఓనర్‌కి తెలియకుండానే డబ్బు, పేరు రెండూ పోతాయి. అందుకే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ట్రావెల్స్ నడిపేవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇప్పుడు సోకు కాదు, అవసరం. మరి ఏది తీసుకోవాలి?

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. టికెట్లు అమ్మిపెట్టే యాప్ వేరు, బిజినెస్ నడిపే సాఫ్ట్‌వేర్ వేరు. 2005 దీపావళికి ఫణీంద్ర సామ బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లాలంటే బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఏ ఏజెంట్‌కీ పూర్తిగా తెలియకపోవడమే అసలు సమస్య. మరుసటి ఏడాది రెడ్‌బస్ అలా పుట్టింది. 2008లో హైదరాబాద్‌లో సుధాకర్ రెడ్డి అభిబస్ మొదలుపెట్టారు. ఇవి ప్యాసింజర్‌ని తెచ్చిపెడతాయి. కానీ డీజిల్, డ్రైవర్ బేటా, ఏజెంట్ దగ్గర ఆగిపోయిన డబ్బు, పెళ్లి ట్రిప్ అడ్వాన్స్.. ఈ లెక్కలకు మీకంటూ ఒక సాఫ్ట్‌వేర్ ఉండాలి. కొన్ని కంపెనీలు రెండూ కలిపి ఇస్తాయి. అప్పుడు మొదట అడగాల్సింది: ప్యాసింజర్ల ఫోన్ నంబర్లు, పాత బుకింగ్‌లు ఎవరివి? రేపు మనం వేరే కంపెనీకి మారితే మొత్తం డేటా ఎక్సెల్‌లో ఇస్తారా? నోటిమాట సరిపోదు, అగ్రిమెంట్‌లో రాయించుకోండి. పదేళ్లుగా మీ బస్సే ఎక్కుతున్న ప్యాసింజర్ల లిస్ట్ కంటే పెద్ద ఆస్తి మీకు ఉండదు.

ఇక సీట్ల సంగతి. కౌంటర్, ఏజెంట్, యాప్ ముగ్గురూ ఒకే చార్ట్ చూడాలి. ఒకరు అమ్మగానే మిగతా ఇద్దరికీ ఆ సీటు బ్లాక్ అవ్వాలి. డెమోలో రెండు ఫోన్లు తీసుకుని ఒకే సీటును ఒకేసారి నొక్కి చూడండి. డెమో ఇచ్చే కుర్రాడు కంగారు పడితే మీకే అర్థమైపోతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది జీఎస్టీ దగ్గర. నాన్ ఏసీ బస్సు టికెట్ కౌంటర్‌లో అమ్మితే జీఎస్టీ లేదు. అదే సీటు ఆన్‌లైన్ యాప్‌లో అమ్ముడుపోతే 2022 జనవరి 1 నుంచి 5 శాతం పడుతోంది. ఏసీ బస్సు అయితే ఎక్కడ అమ్మినా పన్ను ఉంటుంది. యాప్‌లో అమ్మిన టికెట్ మీద పన్ను ఆ యాప్ సంస్థే కట్టాలి. అయితే మెలిక ఇక్కడే ఉంది. 2023 అక్టోబర్ 20 నుంచి బస్సు ఆపరేటర్ కంపెనీగా రిజిస్టర్ అయితే ఆ బాధ్యత ఆపరేటర్ మీదే పడుతుంది. అంటే బిజినెస్ పెరిగిందని ప్రైవేట్ లిమిటెడ్ చేసుకున్న రోజే మీ పన్ను లెక్క మారిపోతుంది. సాఫ్ట్‌వేర్ కౌంటర్ టికెట్‌ని, యాప్ టికెట్‌ని విడివిడిగా చూపించకపోతే నెలాఖరులో మీ ఆడిటర్ తల పట్టుకుంటారు. లెక్కలు ట్యాలీలోకి వెళ్తాయా అన్నదీ అడగండి. గుంటూరులో ట్యాలీ తెలిసిన అకౌంటెంట్ దొరకడం కష్టం కాదు, కొత్త సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు దొరకడమే కష్టం.

ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, పర్మిట్, ట్యాక్స్ తేదీలు దగ్గర పడగానే ఓనర్ ఫోన్‌కి మెసేజ్ రావాలి. ఇది చిన్న ఫీచరే, కానీ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు ఆగిపోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

రేటు కూడా కాస్త లెక్కేయండి. "టికెట్‌కి పది రూపాయలే సార్" అంటారనుకుందాం. 36 సీట్ల బస్సు రోజూ నిండితే ఒక్క వైపుకే నెలకు 10,800 రూపాయలు. మూడు బస్సులు రానూపోనూ తిరిగితే 64,800. అదే నెలకు ఇంత అని ఫిక్స్‌డ్‌గా మాట్లాడుకుంటే ఎంతవుతుందో పక్కన రాసి చూసుకోండి. సీజన్ లేనప్పుడు మాత్రం టికెట్ లెక్కే నయం కావచ్చు.

కొత్త సాఫ్ట్‌వేర్‌ని సంక్రాంతికో, అయ్యప్ప సీజన్‌కో మొదలుపెట్టొద్దు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ట్రిప్పులు తక్కువ. అప్పుడు ఒక్క బస్సుకే పెట్టి చూడండి. డ్రైవర్‌కి తెలుగులో అర్థమవుతోందా, అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డులో సిగ్నల్ పోయినా ట్రిప్ షీట్ సేవ్ అవుతోందా, రాత్రి రెండింటికి సపోర్ట్ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తుతున్నారా.. ఇవన్నీ ఆ నెలలోనే తేలిపోతాయి. ఆ నెలంతా నోట్‌బుక్ కూడా రాస్తూనే ఉండండి. రెండు లెక్కలూ కలిశాకే మిగతా బస్సులకు ఎక్కించండి.