శంషాబాద్‌లో దిగి పల్నాడు వెళ్లాలా? ట్యాక్సీ ఎక్కే ముందు ఇవి తెలుసుకోండి

పల్నాడు జిల్లాలో విమానాశ్రయం లేదు. నరసరావుపేట, గురజాల, మాచర్ల వాళ్లు విమానం దిగితే గన్నవరంలోనో, శంషాబాద్‌లోనో దిగాలి. గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2023లో హజ్ యాత్రికుల విమానాలు కూడా అక్కడి నుంచి నడిచాయి. అయినా గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు, ఉమ్రా ముగించుకొని వచ్చేవాళ్లు ఇప్పటికీ చాలామంది శంషాబాద్‌లోనే దిగుతున్నారు.

హైదరాబాద్ వాళ్లకు ఎయిర్‌పోర్టు ట్యాక్సీ అంటే గంట ప్రయాణం. మనవాళ్లకు అది రాష్ట్రం దాటి నాలుగైదు గంటలు పోవడం. అందుకే బండి ఎక్కాక కాదు, ఎక్కక ముందే అన్నీ మాట్లాడుకోవాలి.

ఏ ఊరికి ఏ దారి?

మాచర్ల వెళ్లేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద బొంగుళూరు దగ్గర దిగి ఇబ్రహీంపట్నం, మాల్, నాగార్జునసాగర్ మీదుగా వెళ్లాలి. దూరం దాదాపు 170 కిలోమీటర్లు. నరసరావుపేట వాళ్లకు పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ హైవే ఎక్కి, నార్కట్‌పల్లి నుంచి అద్దంకి రోడ్డు పట్టుకోవడం సులువు. మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. గురజాల వాళ్లు ఇదే దారిలో వచ్చి దాచేపల్లి దగ్గర తిరగాలి.

గన్నవరంలో దిగితే విజయవాడ, గుంటూరు మీదుగా నరసరావుపేట దాదాపు 100 కిలోమీటర్లే. రాష్ట్రం దాటే పని ఉండదు. టికెట్ కొనేటప్పుడే ఈ తేడా లెక్కేసుకోండి. విమానం టికెట్‌లో మిగిలింది ట్యాక్సీకి పోవచ్చు.

ఛార్జీ ఎలా లెక్కేస్తారు?

పల్లెకు వచ్చిన బండికి తిరుగు బేరం దొరకదు, ఖాళీగా పోవాలి. అందుకే చాలామంది డ్రైవర్లు రానుపోను కిలోమీటర్లు లెక్కేస్తారు. కొన్ని యాప్‌లలో ఒకవైపు ప్రయాణానికి వేరే రేటు ఉంటుంది, రెండూ పోల్చి చూడండి. చెప్పిన మొత్తంలో టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, రాత్రి ఛార్జీ, బోర్డర్ పన్ను కలిశాయా లేదా అని ఒక్కొక్కటీ అడగండి. ఒప్పుకున్న మొత్తాన్ని వాట్సాప్‌లో రాయించుకుంటే దిగేటప్పుడు గొడవ ఉండదు. ప్రీపెయిడ్ కౌంటర్‌లో తీసుకున్న స్లిప్పు అయితే దిగాకే డ్రైవర్ చేతికివ్వాలి.

పర్మిట్, నంబర్ ప్లేటు

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగాక ఇది అంతర్రాష్ట్ర ప్రయాణం అయింది. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని అడగండి. లేకపోతే టెంపరరీ పర్మిట్ తీసుకొని పన్ను కట్టాలి. అది తేల్చుకోకపోతే దారిలో అర్ధరాత్రి బండి ఆగొచ్చు, డబ్బు మీ జేబులోంచి పోవచ్చు.

ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. కరెంటు ట్యాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. చవగ్గా వస్తుందని ఎక్కితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం ఇవ్వనని వాదించే వీలుంటుంది.

లగేజీ సంగతి కూడా ముందే చెప్పాలి. సీఎన్‌జీ బండ్లలో డిక్కీ సగం సిలిండరే ఆక్రమిస్తుంది. రెండు పెద్ద పెట్టెలు, జంజం డబ్బా ఉంటే పెద్ద బండి మాట్లాడుకోవడమే నయం.

రాత్రి ప్రయాణం వద్దు

గల్ఫ్ విమానాలు చాలా వరకు రాత్రి పొద్దుపోయాకో, తెల్లవారుజామునో దిగుతాయి. ఊరి నుంచి తీసుకెళ్లిన బండి అయితే డ్రైవర్ సాయంత్రం బయల్దేరి, ఎయిర్‌పోర్టులో కాచుకొని, కునుకు లేకుండా వెంటనే తిరుగు ప్రయాణం కడతాడు. రాత్రి రెండు నుంచి ఐదు దాకా నిద్ర ముంచుకొచ్చే వేళ. రిసీవ్ చేసుకోవడానికి పిల్లాపాపలతో ఇంటిల్లిపాదీ అదే బండిలో ఉంటారు. రెండేళ్ల తర్వాత ఇల్లు చూడాలనే ఆత్రం ఎవరికైనా ఉంటుంది కానీ, తెల్లారాక బయల్దేరితే పోయేది మూడు గంటలే. డ్రైవర్‌ను ఆ కాసేపు పడుకోనివ్వండి. దారిలో ఆవులిస్తుంటే మొహమాటపడకుండా బండి ఆపించండి. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.

ఖర్చు తగ్గాలంటే

ఒక్కరే వస్తుంటే ఊరి దాకా ట్యాక్సీ అక్కర్లేదు. సిటీ దాకా ట్యాక్సీలోనో, ఆర్టీసీ పుష్పక్ బస్సులోనో వచ్చి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు చేరుకుంటే అక్కడ మాచర్ల, పిడుగురాళ్ల, నరసరావుపేట వైపు బస్సులు దొరుకుతాయి. సికింద్రాబాద్–గుంటూరు రైలు మార్గంలో నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి స్టేషన్లు ఉన్నాయి.

ఏ బండి ఎక్కినా నంబర్ ప్లేటు ఫొటో, లైవ్ లొకేషన్ ఇంటికి పంపండి. దారిలో ఆపద వస్తే రెండు రాష్ట్రాల్లోనూ 112కు ఫోన్ చేయొచ్చు.