ఉల్లేఖన సూచికలు - తెలుగున సాంఘిక పరిశోధన

ఒక జాతి తన సంఘమును గూర్చి చేసికొన్న విచారణ ఎంతటిదో తెలియుటకు నేడు విశ్వవిద్యాలయములు ఉల్లేఖన సూచికలను ఆశ్రయించుచున్నవి. వానిలో తెలుగువారి కృషి ఎంతవరకు కానవచ్చునో పరిశీలింపదగియున్నది.

ఈ విద్యకు బెంగుళూరుతో సంబంధము కలదు. గ్రంథాలయ విషయములకు గణితపద్ధతులను వర్తింపజేయవలెనని 1948లో సూచించి, దానికి ‘లైబ్రమెట్రీ’ యని పేరిడినవారు ఎస్. ఆర్. రంగనాథన్. 1962లో ఈ నగరముననే డాక్యుమెంటేషన్ పరిశోధన శిక్షణ కేంద్రమును వారు నెలకొల్పిరి. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ఉల్లేఖన సూచికను ప్రతిపాదించెను. ఒక వ్యాసమును తరువాతివారిలో ఎవ్వరు గ్రహించిరో, ఎవ్వరు ఖండించిరో పాఠకుడు తెలిసికొనుటకే అది ఉద్దేశింపబడినది. 1973లో సాంఘికశాస్త్రములకు ప్రత్యేక సూచిక వెలువడెను. 2004లో స్కోపస్ వచ్చెను. వెదకుటకు పుట్టిన సాధనము క్రమముగా తూచు తక్కెడయైనది.

సూచిక తాను ఎన్నుకొన్న పత్రికలలోని ఉల్లేఖనములనే ప్రధానముగా లెక్కించును. వానిలో అత్యధికము ఆంగ్ల పత్రికలు. భౌతికశాస్త్రమునకు దీనివలన నష్టము తక్కువ. పరమాణువునకు దేశభాష లేదు. కౌలు, కులవృత్తి, వలస మున్నగువాని విషయమట్లు కాదు. వానిపై పరిశోధన తరచు స్థానిక భాషలో, గ్రంథరూపమున వెలువడును.

సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇందుకు నిదర్శనము. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నొందిన ఈ గ్రంథము, రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, వస్త్రము, ఆటలు, ఆచారములకే ప్రాధాన్యమిచ్చి, వానిని కావ్యములనుండి ఏరి కూర్చినది. తరువాతి తెలుగు రచయితలు దీనిని ప్రమాణముగా గైకొనిరి. కాని వారి గ్రంథములు సూచికకు మూలములు కానందున ఆ ఋణము లెక్కకెక్కదు. 1924 మొదలు 1991 వరకు వెలువడిన ‘భారతి’లోని చరిత్ర వ్యాసముల గతియు నంతియే.

మహదేవపురనే చూడుడు. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ వెంట వైట్‌ఫీల్డు పరిసరములకు వచ్చిన తెలుగు కుటుంబముల అద్దెలను, పిల్లల చదువుభాషను గూర్చి ఒక విద్యార్థి తెలుగున వ్రాసినచో ఆ కుటుంబములవారే చదివి తప్పొప్పులు చెప్పగలరు. ఆంగ్లమున వ్రాసినచో అది లెక్కకెక్కు అవకాశము కలదు. ఈ రెంటిలో నొకదానిని విడువవలసి వచ్చుటయే అసలు నష్టము.

ప్రాంతీయ ప్రయోజనముగల పరిశోధనను కాపాడవలెనని 2015 నాటి లైడెన్ ప్రకటన హెచ్చరించినది. భారతీయ భాషాపత్రికలకును చోటిచ్చుచు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ఆరంభించిన కేర్ పట్టిక 2025లో ఉపసంహరింపబడినది.

తప్పంతయు సూచికలదే కాదు. పుట సంఖ్య, ముద్రణ సంవత్సరము చూపక ‘పెద్దలు చెప్పినట్లు’ అని సాగు వ్యాసమును ఏ సూచికయు పట్టుకొనజాలదు. ఆధారములను సరిగా చూపుట, సంగ్రహమును జోడించుట, ప్రతులను గ్రంథాలయములకు చేర్చుట తెలుగు సంఘముల చేతిలోని పనులే. లెక్కకు రానిది లేనిదని లోకము తలపకముందే ఈ పని జరుగవలెను.