బిడ్డ లేని ప్రాణం

1912 ఏప్రిల్ 15, రాత్రి రెండు దాటింది. టైటానిక్ ముందుభాగం నీళ్లలోకి దిగిపోతోంది. తాళ్లతో దించిన పడవల్లో చివరిదాని దగ్గర కారొలీన్ బ్రౌన్, ఈడిత్ ఎవాన్స్ నిలబడి ఉన్నారు. ఈడిత్‌కు 36 ఏళ్లు, పెళ్లి కాలేదు. ఇంటి దగ్గర మీకు పిల్లలున్నారు, ముందు మీరెక్కండని కారొలీన్‌ను పంపింది. తనకు ఎక్కే వీలు చిక్కలేదు. మొదటి తరగతి స్త్రీలలో ఆ రాత్రి పోయినవాళ్లు నలుగురే. అందులో ఆమె ఒకరు.

ఆ త్యాగానికి చేతులెత్తి మొక్కుతాను. అయినా ఒక సందేహం నన్ను వదలదు. పిల్లలు లేనిదాన్ని, నేను పోతేనేం అన్న లెక్క అంత గాభరాలో అంత తొందరగా ఎలా తట్టింది? ఆ లెక్క లోకం ఎప్పుడో కట్టి పెట్టింది.

మన దగ్గర దాని జాడ చాలా పాతది. కల్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు సహగమనం నుంచి గర్భిణినీ, పసిబిడ్డల తల్లినీ మినహాయించాడు. 1810ల్లో కంపెనీ ప్రభుత్వం బెంగాల్లో ఇచ్చిన ఉత్తర్వులూ ఆ దారే పట్టాయి. బలవంతం ఉండకూడదు, చిన్నపిల్ల కాకూడదు, గర్భిణి కాకూడదు, చంటిబిడ్డ తల్లి కాకూడదు. దయే, కాదనను. ఆ దయ బిడ్డది, తల్లికి దాని నీడ దక్కింది. ఈడేరిన వితంతువు, పిల్లలు లేనిది, ఇష్టపడే వచ్చానంటే చితి దగ్గర నిలబడ్డ పోలీసు దారోగా చూస్తూ ఊరుకోవలసిందే. 1829లో బెంగాల్లో, 1830లో మద్రాసు రాజధానిలో నిషేధం వచ్చాకే చట్టం ముందు అందరి ప్రాణం ఒకటైంది. గొడ్రాలి ఎదురు అశుభమన్న మన తెలుగు ఊళ్లే చితి ఎక్కిన ఆడదానికి పేరంటాలని గుడి కట్టి మొక్కాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ లెక్క ఆసుపత్రికి చేరింది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి అమర్చే గొట్టం కనిపెట్టడంతో మూత్రపిండాలు చెడినవాళ్లకు ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడం సాధ్యమైంది. యంత్రాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎవరికివ్వాలో తేల్చడానికి ఏడుగురు కూర్చున్నారు: లాయరు, మతగురువు, బ్యాంకరు, గృహిణి, ప్రభుత్వాధికారి, కార్మిక నాయకుడు, సర్జన్. వాళ్ల పేర్లు బయటపెట్టలేదు. 1962 నవంబరులో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ రాసిన వ్యాసంతో సంగతి లోకానికి తెలిసింది. వయసెంత, ఆడా మగా, పెళ్లయిందా, ఆధారపడినవాళ్లెందరు, ఆదాయమెంత అని వాళ్లు తూచేవారు. ఆ తక్కెడలో పిల్లలు లేని ఒంటరి స్త్రీ బరువెంతో వేరే చెప్పాలా? ఈడిత్ తన చోటు తనే ఇచ్చింది. ఇక్కడ ఒకరి చోటును ఇతరులు తలుపులు మూసుకుని లాక్కున్నారు. ఈ రెంటినీ త్యాగమన్న ఒక్క మాట కింద కలపకూడదు. 1972లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి దాదాపు అందరి డయాలసిస్ ఖర్చూ ప్రభుత్వమే భరించేలా చూసింది. డబ్బు రాగానే ఆ ధర్మసంకటం మాయమైంది!

ఉరిశిక్షల్లోనూ ఈ తూకం కనిపిస్తుంది. రాజీవ్ గాంధీ హత్య కేసులో నళిని ఉరిశిక్ష 2000లో యావజ్జీవంగా మారడానికి ఆమెకు చిన్న కూతురు ఉండడం ఒక కారణం. ఆ పాప అనాథ కాకూడదన్నది న్యాయమే. అదే నేరం, అదే శిక్ష, బిడ్డ మాత్రం లేని ఇంకో స్త్రీ కోసం ఏ కారణం చూపి అడగాలి? బతకనివ్వండి అని అడగడానికి మనిషై ఉంటే చాలదా?

ఈ లెక్క యంత్రాల దాకా వచ్చింది. 2018లో నేచర్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. బ్రేకులు పడని డ్రైవరు లేని కారు ఎవరిని కాపాడాలి అని ఎం.ఐ.టి. పరిశోధకులు ఇంటర్నెట్‌లో అడిగితే 233 దేశాలు, ప్రాంతాల నుంచి దాదాపు 4 కోట్ల తీర్పులొచ్చాయి. అందరికన్నా ముందు చంటిపిల్లల బండి, తర్వాత ఆడపిల్ల, మగపిల్లాడు, ఆ వెంటనే గర్భిణి. ఉత్త స్త్రీ బొమ్మ వాళ్ల వెనక ఎక్కడో ఉండిపోయింది. అంతకు ఏడాది ముందే, 2017లో, జర్మనీ ప్రభుత్వం వేసిన నీతి సంఘం తప్పించుకోలేని ప్రమాదంలో మనుషుల వ్యక్తిగత లక్షణాలు చూసి కారు ఎంపిక చేయకూడదని తేల్చి చెప్పింది. నా ఓటు ఆ సంఘానికే.