వ్యాయామశాల చందా: వైదొలగువాని హక్కు



గడచిన వేసవిలో మా మేనల్లుడు కుంటుచు మా యింటికి వచ్చి, నా చేతిలో నొక కాగితము పెట్టెను. పట్టణమున ఉద్యోగము చేయుచున్న ఆ చిన్నవాడు దేహపుష్టి కొఱకు ఒక వ్యాయామశాలలో చేరెను. ఇప్పటివారు దానిని జిమ్ము అందురు. నెలనెలా చెల్లించినచో 2,000 రూపాయలు. ఏడాది సొమ్ము ఒక్కసారి చెల్లించినచో 18,000 మాత్రమే. చవుకగదా యని వాడు ఏడాదిది చెల్లించెను. రెండు నెలలు గడచినపిమ్మట స్కూటరుమీదినుండి పడి మోకాలికి దెబ్బ తగిలించుకొనెను. ఏడాదివఱకు బరువు లెత్తరాదని వైద్యుడు చెప్పెను. మిగిలిన సొమ్ము ఇమ్మని అడుగగా, చెల్లించిన చందా ఏ కారణముచేతను తిరిగి ఈయబడదను పంక్తిని యజమాని చూపెను. ఆ పంక్తిక్రింద వీని సంతకము ఉన్నది.

"సంతకము చేసితిని గదా మామయ్యా! ఇక అడుగుటకు నోరెక్కడిది?" అని వాడు నన్నడిగెను.

ఈ ప్రశ్న వానిది మాత్రమే కాదు. మాట ఇచ్చినవాడు మాటకు కట్టుబడవలెను. ఇది మనమందఱమును పిల్లలకు నేర్పు ధర్మమే. కాని పనిచేయని దినములకుగూడ కూలి పుచ్చుకొనుట ధర్మమా? ఈ రెండు ధర్మములకును నడుమ గీత ఎచ్చట గీయవలెనో తేల్చుటకు మన పూర్వులును, తరువాతి న్యాయస్థానములును బహుకాలము శ్రమపడినవి. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన గ్రామములలో పూర్వము తాలింఖానాలును, సాముగరిడీలును ఉండెడివి. కోడి రామమూర్తినాయుడుగారివంటి మల్లులను కన్న నేల మనది. ఆ గరిడీలలో గురువునకు దక్షిణ, పండుగకు పంచెలచాపు, పంటకాలమున ఇంత ధాన్యము ముట్టుచుండెడివి. శిష్యుడు కాలు విఱిగి మంచమెక్కినచో గురువే వచ్చి కట్టుకట్టుచుండెను. అచ్చట కాగితమును లేదు, సంతకమును లేదు. ఇరుపక్షములవారును ఒక్క ఊరివారు. నలుగురిలో మాటపడుదుమను భయమే ఒడంబడిక. పట్టణమున యజమాని యెవడో, చేరువాడెవడో. కావున అచ్చట కాగితము వచ్చినది. కాగితము వచ్చుట తప్పుకాదు. దానిని ఒక్క పక్షమువాడే వ్రాయుటలో ఉన్నది చిక్కు.

కొన్న పిమ్మట పశ్చాత్తాపపడువాని సంగతి మన ధర్మశాస్త్రములకు తెలియనిది కాదు. వ్యవహారపదములు పదునెనిమిదింటిలో క్రయవిక్రయానుశయ మనునది యొకటి. అనుశయమనగా చేసినపనికి పిదప వగచుట. కొన్నవాడుగాని అమ్మినవాడుగాని వగచినచో 10 దినములలోపల సరకును మరల్చవచ్చునని మనుస్మృతి చెప్పుచున్నది. నారదుడు లెక్క ఇంకను సూక్ష్మముగా కట్టెను. కొన్ననాడే చెడకుండ తిరిగి ఇచ్చినచో నష్టము లేదు. రెండవనాడు ఇచ్చినచో వెలలో ముప్పదియవ వంతు వదలుకొనవలెను. మూడవనాడు దానికి రెట్టింపు. అటుపై సరకు కొన్నవానిదే. పరీక్షించి చూచుకొనుటకు గడువులు వేఱుగా ఉన్నవి: ఇనుమునకు 1 దినము, పాలిచ్చు పశువునకు 3, బరువులు మోయు పశువునకు 5, రత్నములకు 7, విత్తనములకు 10. విత్తనము మొలకెత్తునో లేదో తెలియుటకు పది దినములు పట్టునని రైతుబిడ్డకు వేఱే చెప్పనక్కఱలేదు. ఇట్టి వ్యవహారధర్మములను వివరించిన మితాక్షరను ఆధారముగా గొని, 13వ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను గ్రంథమును తెనుగుపద్యములలో రచించెను. తిక్కనసోమయాజికి దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతనయే ఈతడు.

పాతదంతయు బంగారమని నేను చెప్పుటలేదు. ఆ స్మృతులే దాసీదాసులనుగూడ సరకులలో చేర్చి గడువులు పెట్టినవి. అది మనము తలవంచుకొనవలసిన సంగతి. ఐనను కొనువానికి ఆలోచించుకొను వ్యవధి ఈయవలెననియు, వైదొలగువాడు కొంత నష్టపడిన పడవచ్చునుగాని ఆ నష్టమునకు కొలత ఉండవలెననియు వారు ఎఱిగియుండిరి. ఈ కొలత యను మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. తరువాతి కథయంతయు దానిమీదనే నడచినది.

ఇంగ్లండులో పూర్వము వేఱు పద్ధతి ఉండెను. నూఱు పౌనులు బాకీపడినవాడు, గడువునాటికి తీర్పనిచో రెండువందలు ఇచ్చుకొందునని ముద్రవేసి పత్రము వ్రాసి ఇచ్చెడివాడు. ఒక్కదినము ఆలస్యమైనను న్యాయస్థానము రెండువందలకును డిక్రీ ఇచ్చెడిది. ఇది క్రూరమని చాన్సెలరు న్యాయస్థానము అడ్డుపడసాగెను. 17వ శతాబ్దము ముగియులోపల పార్లమెంటును చట్టముచేసి, ఋణదాత తనకు కలిగిన నష్టమునకు మించి వసూలుచేయరాదని కట్టడి చేసెను. ఆ వెనుక అక్కడి న్యాయవేత్తలు, ఒడంబడికలో వ్రాసిన సొమ్ము ముందుగా వేసికొన్న నష్టపు అంచనాయా, లేక బెదరించుటకు పెట్టిన జరిమానాయా యని వాదించుచు ఒక శతాబ్దమునకు పైగా గడిపిరి.

మనదేశమునకు 1872లో ఒడంబడికల చట్టము వచ్చెను. ఆ యేటి సెప్టెంబరు 1వ తేదినుండి అమలైనది. దానిని వ్రాసినవారు ఈ వాదమును ఒక్క పెట్టున తెంచివేసిరి. ఆ చట్టపు 74వ సెక్షను తాత్పర్యమిది: మాట తప్పినవాడు ఇంత ఇచ్చుకొనవలెనని పత్రమున వ్రాసియున్నను, రెండవవానికి దొరకునది ఆ మొత్తమునకు మించని న్యాయమైన పరిహారము మాత్రమే. వ్రాసిన మొత్తము పై హద్దు. అంతయు ఈయవలెననుట కాదు. ఇది నేటికిని అమలులోనున్న చట్టము. మా మేనల్లుని కాగితముకంటె ఇది బలవత్తరమైన కాగితము.

ఈ సెక్షను ఎట్లు పనిచేయునో మూడు వ్యాజ్యములవలన తెలియగలదు.

మొదటిది ఢిల్లీలోని ఒక యింటి బేరము. 1949లో 1,12,500 రూపాయలకు ఒప్పందమై, కొనువాడు 1,000 రూపాయలు బయానాగాను, పిదప 24,000 రూపాయలును చెల్లించి ఇంటిని స్వాధీనము చేసికొనెను. బేరము చెడెను. పత్రము ప్రకారము 25,000 రూపాయలును తనవేయని అమ్మువాడు వాదించెను. 1963లో సుప్రీముకోర్టు, బయానా వేయిరూపాయలు మాత్రమే ఉంచుకొమ్మనియు, నష్టము ఋజువుకానందున తక్కిన 24,000 దక్కవనియు తీర్పుచెప్పెను. ఐతే కొనువాడు ఆ యింటిని అనుభవించిన కాలమునకు ప్రతిఫలము వేఱుగా ఈయవలసియుండెను. అనుభవించినదానికి వెల ఈయవలెను, అనుభవింపనిదానికి నష్టమున్నంతవఱకే. ఇదియే దీనిలోని నీతి.

రెండవది ఉరులగడ్డల కథ. 1947లో సైన్యమునకు ఉరులగడ్డలును, కోళ్లు, గ్రుడ్లు, చేపలును సరఫరా చేయుదునని యొక కంట్రాక్టరు ఒప్పుకొని, 18,500 రూపాయలు ధరావతు కట్టెను. సరకు సరిగా చేరలేదు. ప్రభుత్వము కంట్రాక్టును రద్దుచేసి ధరావతును జప్తుచేసెను. తప్పు కంట్రాక్టరుదే. ఐనను 1969లో సుప్రీముకోర్టు, బయటకొన్న సరకునకు ఎంత అధికముగా చెల్లించితిరో చూపగలిగియు చూపలేదు గనుక ధరావతు తిరిగి ఇండని ప్రభుత్వమును ఆజ్ఞాపించెను. ఏలినవారికే ఈ నియమము తప్పనప్పుడు వ్యాయామశాల యజమానికి తప్పునా?

మూడవది 1982లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ వేలమువేసిన స్థలమును గూర్చినది. పాటదారు 3 కోట్ల 12 లక్షలకు పాడి 78 లక్షలు కట్టెను. సంస్థ దానిని జప్తుచేసి, పిదప అదే స్థలమును 11 కోట్ల 78 లక్షలకు అమ్ముకొనెను. నష్టమే లేనిచోట పరిహార మెక్కడిదని 2015లో సుప్రీముకోర్టు ఆ సొమ్మును మరల్పించెను.

ఇవన్నియు పెద్దసొమ్ముల వ్యాజ్యములు. వేలరూపాయల చందాకై ఎవడు సుప్రీముకోర్టుకు ఎక్కగలడు? ఈ కొఱత తీర్చుటకు 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. అదే సంవత్సరమున సుప్రీముకోర్టు ఒక ఉద్యోగి వ్యాజ్యములో మఱియొక మెట్టు ఎక్కెను. బలవంతుడు అచ్చువేసి ఉంచిన పత్రముపై, వేఱు గతిలేని బలహీనుడు చుక్కలగీతమీద సంతకము చేసినంతమాత్రమున, అందలి అన్యాయపు షరతు చెల్లదని నిర్ణయించెను.

ఈలోపల ఇతరదేశములలో వ్యాయామశాలల తగవులే ప్రత్యేకముగా న్యాయాధికారుల యెదుటికి వచ్చెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1961లోనే వీని ఒప్పందములకు చట్టము చేసెను. ఇంగ్లండులో 2011లో హైకోర్టు, ఒకటి రెండు మూడేండ్లు సభ్యులను కట్టివేయు వ్యాయామశాలల పత్రములను విమర్శించెను. చేరునప్పుడు మనుష్యుడు తాను ప్రతిదినము పోవుదునని నమ్మును, కొలదినెలలలో మానివేయును. ఈ మానవస్వభావము తెలిసియే ఆ షరతులు కూర్పబడినవని న్యాయమూర్తి గ్రహించెను. ఏడాదికి మించిన కట్టుబాటు ఉన్నచో, ముప్పది దినముల నోటీసుతో, పొందిన తగ్గింపునకు తగిన సొమ్ము చెల్లించి వైదొలగు వీలు ఉండవలెనని ఆ తీర్పు సారము.

మనకు 2020 మార్చిలో మహమ్మారివలన వ్యాయామశాలలన్నియు మూతపడి, ఆగస్టు 5వ తేదినుండిగాని తెఱచుటకు కేంద్రము అనుమతి ఈయలేదు. ఏడాదిచందా కట్టినవారు ఎందఱో ఆనాడు ఈ ప్రశ్నను ఎదుర్కొనిరి. ఆ సంవత్సరమే జులై 20వ తేదిన 2019నాటి క్రొత్త వినియోగదారుల చట్టము అమలులోనికి వచ్చెను. అన్యాయపు ఒడంబడిక యను మాటకు అందులో మొదటిసారి నిర్వచనము ఇచ్చిరి. జరిగిన నష్టముతో పోలికలేని జరిమానా వేయుటయు, ఒక్క పక్షమువాడే కారణములేక రద్దు చేసికొనుటయు, అకారణమైన భారము మోపుటయు అందులో చేరినవి.

పెద్దలు ఒక సంగతి గమనింపవలెను. మనసు మారినంతనే సొమ్మంతయు తిరిగి వచ్చునని ఏ చట్టమును చెప్పలేదు. మనువు చెప్పిన పది దినములవంటి గడువు నేడు మనదేశమున ప్రతి బేరమునకును లేదు. వాడుకొన్న నెలలకు వెల పోవును. యజమాని నిజముగా పడిన ఖర్చు పోవును. తక్కినదానిని ఏ నష్టముక్రింద ఉంచుకొనుచున్నావని అడుగు హక్కు మాత్రము సంతకముతో పోదు. అడుగుట వ్రాతమూలముగా నుండవలెను. రసీదును, ఒడంబడిక ప్రతిని, వైద్యుని చీటిని భద్రపఱచి, తేదివేసి లేఖ వ్రాసి స్పీడుపోస్టులో పంపవలెను. వినకున్నచో 1915 అను నంబరునకు టెలిఫోను చేయవచ్చును. అప్పటికిని కానిచో, తగవు పుట్టిన రెండేండ్లలోపల, తాను కాపురమున్న జిల్లాలోని వినియోగదారుల కమిషనుకే ఫిర్యాదు చేయవచ్చును. అయిదులక్షలవఱకు రుసుము లేదు. ఒడంబడికయే అన్యాయమైనదని తేల్పించుకొనగోరువాడు మాత్రము రాష్ట్ర కమిషనుకు పోవలెను.

మేమిద్దఱమును కూర్చుండి లెక్క కట్టితిమి. రెండు నెలలకు తగ్గింపు ధర కాక నెలవారి ధర చొప్పున 4,000. చేర్చుకొన్న ఖర్చుక్రింద 1,000. పోగా 13,000 తిరిగి ఇండని వ్రాసితిమి. మొదట జవాబు రాలేదు. చట్టపు సెక్షను పేర్కొని రెండవ లేఖ వ్రాసిన మూడు వారములకు 12,000 వచ్చినవి. మిగిలిన వేయికై పోరుటకు వాడిష్టపడలేదు, నేనును బలవంతపెట్టలేదు.

కాని ఆ సొమ్ము తెచ్చినప్పుడు వాడొక మాట అనెను. "మామయ్యా, సొమ్ము పోయినందుకంటె, అడుగుటకు నోరులేదనుకొన్నందుకే ఎక్కువ బాధపడితిని." మీ యిండ్లలోని పిల్లలును పట్టణములలో ఏవేవో కాగితములమీద సంతకములు చేయుచునే యుందురు. సంతకమునకుముందు చదువుమని వారికి చెప్పుడు. చేసిన పిమ్మట చిక్కువచ్చి మీయొద్దకు వచ్చినచో, బుద్ధిలేక చేసితివని గద్దింపక, ఆ కాగితము ఇటు తెమ్మని అడుగుడు. ఇదియే నా మనవి. సెలవు.